సంగీతంతో ప్రత్యక్ష చిత్రలేఖనం

సంగీతం సాగుతుండగా, ప్రేక్షకుల కళ్ళెదుటే చిత్రకారుడు బొమ్మ వేసే ప్రదర్శన కళ ఇది. మన పత్రికలు దీన్ని లైవ్ పెయింటింగ్ అని రాస్తుంటాయి. కుంచెతో కాన్వాసు మీద వేసినా, రంగుపొడిని వేళ్ళ సందునుంచి నేలమీదికి జారవిడిచినా, దీపం వెలిగే గాజుపలక మీద ఇసుక చల్లినా, నాట్యం చేస్తూ కాలితో గీసినా ఈ కోవలోకే వస్తుంది. బొమ్మ ముందే సిద్ధంగా ఉండి, పాట దాన్ని విప్పిచెప్పే ప్రదర్శనలు దీనికి దగ్గరి చుట్టాలే గాని వేరు. తెలంగాణలో చేర్యాల నకాషీలు వేసిచ్చిన పటాన్ని విప్పుతూ కులపురాణం పాడే కథకులు, బెంగాల్‌లో పటం చుట్ట విప్పుతూ పాడే పటువాలు ఆ రెండో రకం. వాళ్ళ దగ్గర బొమ్మ పాటకంటే ముందు పుట్టింది. ఇక్కడ రెండూ ఒకే వేదిక మీద, ఒకే గడియలో పుట్టాలి.

ఒకే గడియలో పుట్టినంత మాత్రాన రెంటికీ పొత్తు కుదిరినట్టు కాదు. సంగీతాన్ని తీసేస్తే బొమ్మ మారుతుందా అన్నది ఈ కళను అంచనా వేయడానికి పనికొచ్చే ప్రశ్న. చాలా ప్రదర్శనల విషయంలో నిజాయితీగా చెప్పాల్సిన జవాబు మారదనే. వాటిలో పాట పక్కవాద్యం కూడా కాదు, పందిట్లో అలంకారం. మారుతుందని చెప్పగలిగినవి కొన్నే ఉన్నాయి. వాటిలో ఒకటి తెలుగువాళ్ళది.

సింహనందిని

భారతీయ శిల్పశాస్త్రాల్లో చిత్రానికీ సంగీతానికీ ముడి పాతదే. విష్ణుధర్మోత్తర పురాణం మూడో ఖండంలో వజ్రుడనే రాజు ప్రతిమలు చేయడం నేర్పమని అడిగితే, మార్కండేయుడు ముందు చిత్రం తెలియాలంటాడు. చిత్రం తెలియాలంటే నృత్తం, నృత్తం తెలియాలంటే వాద్యం, దానికి గానం తెలిసుండాలని ఒక్కో మెట్టూ వెనక్కి తీసుకుపోతాడు. ఆ మాటను అక్షరాలా వేదిక మీద పెట్టినట్టుంటుంది సింహనందిని.

ఆలయోత్సవాల్లో దేవుడి రథం ముందు ఆడేవారని సంప్రదాయం చెప్పుకునే ఈ చిత్రనాట్యాన్ని ఇరవయ్యో శతాబ్దంలో మళ్ళీ వేదిక ఎక్కించిన వారిలో ప్రముఖులు సి.ఆర్. ఆచార్యులు. అహ్మదాబాదులో మృణాళినీ సారాభాయి నెలకొల్పిన దర్పణ అకాడమీలో ఆయన కూచిపూడి నేర్పారు. సింహనందినితో పాటు నెమలి బొమ్మ వేసే మయూర కౌత్వం, తామరపువ్వు గీసే మహాలక్ష్మీ ఉద్భవం ఆయన పేరుతోనే ఎక్కువగా వినబడతాయి. నేలమీద ముగ్గుపొడి సన్నగా పరిచి పైన గుడ్డ కప్పుతారు. కొందరు గుడ్డమీదనే రంగుపొడి పోస్తారు. నర్తకి దానిమీద అడుగుపెట్టి అమ్మవారి స్తుతికి ఆడుతూ, ఆ అడుగులతోనే ఆమె వాహనమైన సింహాన్ని గీస్తుంది. ఆట ముగిశాక గుడ్డను నిలువుగా ఎత్తి సభకు చూపిస్తారు. అప్పటిదాకా ముందు వరుసల్లో వాళ్ళకు పొడి చెదరడం తప్ప మరేమీ కనబడదు.

దీని గుట్టంతా తాళంలో ఉంది. నూటెనిమిది తాళాల్లో అన్నిటికంటే పొడవైనది సింహనందన తాళం. ఒక్క ఆవర్తానికి 128 అక్షరాలు, అంటే పదహారు ఆది తాళ ఆవర్తాలంత. అందులో రెండు అక్షరాల ద్రుతం, నాలుగు అక్షరాల లఘువు, ఎనిమిది అక్షరాల గురువు, పన్నెండు అక్షరాల ప్లుతం ఒకదాని వెంట ఒకటి ఎగుడుదిగుడుగా వస్తాయి. చివరి పదహారు అక్షరాలు కాకపాదం. అక్కడ దెబ్బ వినబడదు, చెయ్యి గాలిలో కదులుతుందంతే. మహావైద్యనాథ అయ్యర్ కానడ రాగంలో కట్టిన ప్రసిద్ధమైన తిల్లానా ఈ తాళంలోనే ఉంది. పాడేవాళ్ళకే లెక్క తప్పే తాళమిది. నర్తకి కాళ్ళతో లెక్క పెట్టాలి, అదే కాళ్ళతో జూలు దిద్దాలి. మడమ ఎక్కడ పడాలో, బొటనవేలు ఎంత దూరం లాగాలో జతి నిర్ణయిస్తుంది. పొడవాటి గీత పడాల్సిన చోట లఘువు వస్తే గీత కురచైపోతుంది; తాళం ఒక్కచోట జారితే సింహానికి తోక వంకర పోతుంది. సంగీతాన్ని తీసేస్తే ఇక్కడ బొమ్మ మారడం కాదు, బొమ్మే ఉండదు.

ముందే అడుగుల లెక్క కట్టేసిన బొమ్మను చిత్రలేఖనం అనొచ్చా అని అడిగేవాళ్ళున్నారు. నర్తకి సింహాన్ని అప్పటికప్పుడు ఊహించడం లేదు, నేర్చుకున్నదే గీస్తోంది. కృతి పాడే గాయకుడు చేసేదీ అదే కాబట్టి ఆ అభ్యంతరాన్ని మరీ పట్టించుకోనక్కర్లేదు.

గీసి చెరిపే సంప్రదాయాలు

కేరళలోని కళమెళుత్తు పాట్టులో పని మూడు అంచెలుగా నడుస్తుంది. గుళ్ళోనో ఇంటి ముంగిటనో నేలమీద భద్రకాళి, అయ్యప్ప, నాగదేవతల రూపాలను అయిదు రంగుల పొడితో వేస్తారు. బియ్యప్పిండి తెలుపు, పసుపు పసుపుపచ్చ, పసుపులో సున్నం కలిపితే ఎరుపు, మాడ్చిన ఊక నలుపు, ఎండబెట్టి దంచిన ఆకు ఆకుపచ్చ. కుంచె లేదు, బద్ద లేదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పొడి ఎంత జారనివ్వాలన్నదే నేర్పు. బొమ్మ నడుమ మొదలై అంచులకు పాకుతుంది. తరవాత నందుణి అనే తీగవాద్యంతో పాట. ఆ పైన పూనకం వచ్చిన వెలిచ్చప్పాడు ఆడుతూ గంటలకొద్దీ వేసిన బొమ్మను కాళ్ళతో చెరిపేస్తాడు. పుళ్ళువులనే కులంవాళ్ళు జరిపే సర్పం తుళ్ళల్‌లో పుళ్ళువ కుడం, వీణల మోతకు కన్నెపిల్లలు ఊగుతూ, పోకపూల గుత్తులతో నాగబంధాన్ని తుడిచేస్తారు. పాట ఇక్కడ బొమ్మ వేయించదు, బొమ్మను చెరిపిస్తుంది. ప్రత్యక్ష చిత్రలేఖనం గురించి రాసే పాశ్చాత్య విమర్శకులు బొమ్మ నిలవకపోవడాన్ని కొత్త సంగతిలా చెబుతుంటారు గాని, కేరళలో ఈ బొమ్మలు వేసే కురుప్పులకు అది వింతేమీ కాదు.

గుజరాత్‌లోని ఛోటా ఉదేపూర్ ప్రాంతపు రాఠ్వాలు మొక్కు తీర్చుకోవడానికి ఇంటి గోడమీద పిఠోరా బొమ్మలు వేయిస్తారు. బొమ్మలు వేసేవాళ్ళు లఖారాలు. వేస్తున్నంతసేపూ డోలు, పాట నడుస్తూనే ఉంటాయి. చివర బడ్వో అనే పూజారి పూనకంలో వచ్చి గోడమీది గుర్రాలనూ దేవతలనూ ఒక్కొక్కటిగా గుర్తుపట్టి పేరు పెట్టి పిలుస్తాడు. ఏదైనా లోటు పడితే సరిదిద్దాల్సిందే.

అమెరికా నైరుతి ప్రాంతంలోని నవాహో ప్రజల ఇసుక బొమ్మలు వైద్యంలో భాగం. మంత్రగానం మధ్య బొమ్మ వేసి, రోగిని దానిమీద కూర్చోబెట్టి, పని తీరాక చెరిపేస్తారు. 1941లో న్యూయార్కులోని ఆధునిక కళా సంగ్రహశాలలో నవాహో కళాకారులు ఈ బొమ్మలు వేసి చూపించారు. కాన్వాసును నేలమీద పరిచి రంగు చిమ్మిన జాక్సన్ పొలాక్ తన పద్ధతి గురించి చెబుతూ ఇసుకబొమ్మల ప్రస్తావన తెచ్చాడు. పాతకాలపు కర్మకాండకూ ఇరవయ్యో శతాబ్దపు గ్యాలరీకీ మధ్య దారి ఇలా పడింది.

చైనాలోనూ ఒక కథ నిలిచివుంది. తాంగ్ వంశ కాలంలో, ఎనిమిదో శతాబ్దంలో, వూ దావోజీ అనే చిత్రకారుణ్ణి సేనాని పెయ్ మిన్ లోయాంగ్ ఆలయంలో గోడబొమ్మ వేయమని అడిగాడట. డబ్బు వద్దు, నీ కత్తినాట్యం చూపించు చాలని వూ కోరాడు. అది చూసిన ఊపులోనే జనం ముందు గోడమీద కుంచె ఆడించాడని తాంగ్ కాలపు చిత్రకారుల చరిత్రలో రాశారు.

ఐరోపా, అమెరికా, జపాన్

ఆధునిక ఐరోపా కథ చెప్పేవాళ్ళు సాధారణంగా వసీలీ కాండిన్‌స్కీతో మొదలుపెడతారు. 1911 జనవరి 2న మ్యూనిక్‌లో ఆర్నాల్డ్ షోన్‌బెర్గ్ కచేరీ విని వచ్చి ఆయన వేసిన చిత్రంలో నల్లటి పియానో చుట్టూ పసుపు వరదలా పారుతుంది. అయితే ఆ బొమ్మ కచేరీ అయ్యాక పుట్టింది. చిత్రాన్నీ సంగీతాన్నీ ఒకే కాలంలో నడిపే ప్రయత్నం ఆయన 1928లో దెస్సావు నాటకశాలలో చేశాడు. ముసోర్గ్‌స్కీ స్వరపరిచిన ‘చిత్ర ప్రదర్శన’ అనే కృతికి తగ్గట్టు రంగురంగుల ఆకారాలను, వెలుగును వేదిక మీద కదిలించాడు. అంతకుముందే అలెగ్జాండర్ స్క్రియాబిన్ ఇంకో అడుగు ముందుకేసి, తన ప్రొమిథియస్ స్వరపత్రంలో వయొలిన్లకూ బూరలకూ రాసినట్టే రంగుల వెలుగుకూ ఒక వరస రాశాడు. 1911 తొలి ప్రదర్శనలో ఆ వెలుగు లేదు. 1915లో న్యూయార్క్ కార్నెగీ హాల్లో రంగులతో వినిపించేనాటికి ఆయనకు మిగిలింది నెలా వారమే.

కుంచె పట్టిన మనిషి తానే వేదిక ఎక్కడం రెండో ప్రపంచ యుద్ధం తరవాతి ముచ్చట. ఫ్రెంచి చిత్రకారుడు జార్జ్ మాత్యూ 1956 మే 28న పారిస్‌లోని సారా బెర్నార్ నాటకశాలలో సుమారు రెండు వేలమంది ముందు 4 మీటర్ల ఎత్తు, 12 మీటర్ల పొడవున్న కాన్వాసును అరగంటలోపే నింపేశాడు. రంగు గొట్టాన్ని నేరుగా గుడ్డమీద పిండడం, పరుగెత్తుకొచ్చి పొడవాటి కుంచెతో కొట్టడం ఆయన పద్ధతి. 1959 ఏప్రిల్‌లో వియన్నాలో ఆయన బొమ్మ వేసినప్పుడు పియర్ ఆంరీ కూర్చిన మ్యూజిక్ కాంక్రీట్, అంటే రికార్డు చేసిన ధ్వనులను కోసి అతికిన సంగీతం, తోడుగా వినిపించింది. విమర్శకుల్లో చాలామంది ఆయన్ను సర్కసువాడిగా కొట్టిపారేశారు. కాన్వాసులు చూస్తే ఆ మాట పూర్తిగా అన్యాయమూ కాదు, పూర్తిగా న్యాయమూ కాదు.

ఈవ్ క్లైన్ ప్రదర్శన దీనికి పూర్తిగా ఎదురు. 1960 మార్చి 9న పారిస్‌లోని ఒక గ్యాలరీలో విందు దుస్తుల్లో వచ్చిన ఆహూతుల ముందు, తానూ నల్లకోటు, బో టై కట్టుకుని నిలబడ్డాడు. వాద్యబృందం ఆయన రాసిన ఏకస్వర సింఫనీ అందుకుంది: ఇరవై నిమిషాలు ఒకే స్వరమేళం, ఆ వెంటనే ఇరవై నిమిషాలు నిశ్శబ్దం. వివస్త్రలైన ముగ్గురు మోడళ్ళు ఒంటికి నీలిరంగు పూసుకుని, ఆయన చెప్పినచోట కాగితానికి ఒత్తుకున్నారు. ఆయన చేతికి రంగు అంటలేదు. ఆడవాళ్ళ ఒంటిని కుంచెగా వాడుకున్నాడన్న విమర్శ అప్పటినుంచీ ఉంది, దానికి బలమూ ఉంది. మన ప్రశ్నకు మాత్రం ఈ ప్రదర్శన గట్టి జవాబే ఇస్తుంది. మారని స్వరం, మారని నీలం ఒకే ఊహకు రెండు ముఖాలు.

పొలాక్ విషయంలో ఒక చిత్రమైన మెలిక ఉంది. ఆయన పనిచేస్తుండగా హన్స్ నమూత్ 1950లో తీసిన సినిమాను చూసి, సంగీతానికి అనుగుణంగా రంగు చిమ్ముతున్నాడని జనం అనుకుంటారు. అందులో వినబడే మోర్టన్ ఫెల్డ్‌మన్ చెల్లో సంగీతం నిజానికి ఆ తరవాత, 1951లో, సినిమాను చూసి కూర్చినది. 1956లో క్లూజో పికాసో మీద తీసిన సినిమాలోనూ అంతే: కాగితం వెనక నుంచి సిరా ఇంకుతూ గీత దానంతటదే నడిచినట్టు కనబడుతుంది, దానికి జార్జ్ ఓరిక్ సంగీతం వంతపాడుతుంది. సినిమా ఎడిటింగు బల్లమీద కుదిరిన ఈ పొత్తును తరవాతివాళ్ళు వేదికమీద సాధించాలని చూశారు.

జపాన్‌లో గూతాయ్ బృందానికి చెందిన కజువో షిరాగా పైనుంచి వేలాడే తాడు పట్టుకుని, కాన్వాసు మీద రంగులో జారుతూ కాళ్ళతో వేశాడు. తాళం లేదు, ఒంటి బరువే లెక్క. ఈనాటి జపాన్‌లో జనాదరణ పొందింది మరొకటి: 2008లో ఎహిమె ప్రాంతంలోని షికోకుచువోలో మొదలైన హైస్కూలు విద్యార్థుల అక్షరలేఖన పోటీలు. కాగితం మిల్లుల ఊరది. 4 మీటర్లకు 6 మీటర్ల కాగితం మీద పన్నెండుమంది జట్టు, మనిషంత కుంచెలతో, సినిమా పాటల్లాంటి సంగీతానికి అడుగులు వేస్తూ రాస్తారు. దీనిమీద 2010లో సినిమా కూడా వచ్చింది.

హుస్సేన్

భారతదేశంలో ప్రత్యక్ష చిత్రలేఖనం మాట ఎత్తగానే అందరికీ గుర్తొచ్చే పేరు ఎం.ఎఫ్. హుస్సేన్. బొంబాయిలో సినిమా హోర్డింగులు వేసి పొట్టపోసుకున్న రోజుల్లోనే మంచెలెక్కి, రోడ్డున పోయేవాళ్ళు చూస్తుండగా, భుజం మొత్తం ఆడించి గీత లాగడం ఆయనకు అలవాటైంది. భీమ్‌సేన్ జోషి పాడుతుండగా ఆయన కాన్వాసు మీద వేసిన జుగల్‌బందీ ఎంతో పేరు పొందింది. 1992లో కలకత్తా టాటా సెంటర్లో ఆరుగురు దేవతల బొమ్మలను జనం ముందు రోజుల తరబడి వేసి, ఆఖరున వాటిమీద తెల్లరంగు పూసేశాడు. దుర్గను పూజించి గంగలో కలిపే ఊళ్ళో ఆ చర్య ఎవరికీ విడమర్చి చెప్పనక్కర్లేకపోయింది.

హిందుస్తానీ గానం ఈ పొత్తుకు ఎందుకు అనువైనదో జుగల్‌బందీలో తెలుస్తుంది. విలంబిత్‌లో ఆలాపన మెల్లగా రాగం ఆకారాన్ని కడుతుంది. చిత్రకారుడికి ఖాళీ కాన్వాసును చూస్తూ నిలబడే వ్యవధి దొరుకుతుంది. ద్రుత్‌కు వచ్చేసరికి కుంచెకూ వేగం వస్తుంది. చిక్కల్లా ముగింపుతోనే. గాయకుడు తిహాయితో సమం మీద దిగి కచేరీ ముగిస్తాడు, వినేవాళ్ళకు అది ముందే తెలుస్తుంది. చిత్రకారుడికి అలాంటి ముక్తాయింపు లేదు. పాట ఆగాక ఇంకో రెండు గీతలు గీసేవాళ్ళు, పాట ఆగకముందే అయిపోయి చేతులు కట్టుకుని నిలబడేవాళ్ళు తరచుగా కనిపిస్తారు. గాయకుల వైపునుంచి ఒక ఇబ్బంది ఉంది, దాన్ని ఎవరూ పైకి చెప్పరు: బొమ్మ మొదలైందంటే సభ వినడం తగ్గించి చూడటం మొదలుపెడుతుంది.

వేగచిత్రకారులు

అమెరికాలో డెనీ డెంట్ రెండు చేతుల్లోనూ కుంచెలు గుత్తిగా పట్టుకుని, రాక్ పాట సాగుతుండగా ఆ గాయకుడి ముఖం వేసేవాడు. 1980 డిసెంబరులో జాన్ లెనన్ హత్య తరవాత జరిగిన సంతాప సభలో వేసిన బొమ్మతో ఆయనకు పేరొచ్చింది. టెక్సస్‌కు చెందిన డాన్ డన్, ప్రతిభా పోటీల ద్వారా తెలిసిన డేవిడ్ గరిబాల్డి అదే బాటలో నడిచారు. కర్ణాటకకు చెందిన విలాస్ నాయక్ భారతీయ టెలివిజన్ ప్రేక్షకులకు పరిచయం. 2009లో ఉక్రెయిన్ టీవీ పోటీ గెలిచిన క్సెనియా సిమొనోవా కింద దీపమున్న గాజుబల్ల మీద ఇసుకతో రెండో ప్రపంచ యుద్ధ కాలపు కుటుంబ కథ చెప్పింది. ఒక బొమ్మను చేత్తో తుడిస్తే ఆ ఇసుకే తరవాతి బొమ్మయ్యేది. ఈ వరసలో మిగతావాళ్ళకంటే ఆమె పని ఒక మెట్టు పైన ఉంటుంది, ఎందుకంటే పాటలాగే ఆ బొమ్మకూ ముందూ వెనకా ఉన్నాయి.

వేగచిత్రం కిటుకు తెలిసిందే. నల్ల కాన్వాసు, తెల్ల అక్రిలిక్, నాలుగంగుళాల కుంచె. బొమ్మను తలకిందులుగా వేస్తారు; పాట మూడొంతులు గడిచేదాకా మరకలు తప్ప ఏమీ పోల్చుకోలేం. పల్లవి ఆఖరిసారి తిరిగి వచ్చేచోట కాన్వాసును తిప్పుతారు. ముఖం కనబడగానే చప్పట్లు. ఇంకో రకంలో పారదర్శకమైన జిగురుతో వేసి, చివర గుప్పెడు తళుకుపొడి చల్లుతారు. ఇందులో సాధన ఉంది, కంటికి పండగ ఉంది, కానీ పాట మార్చినా అదే ముఖం వస్తుంది. దాతృత్వ సభల్లో ఆ బొమ్మను అక్కడే వేలం వేయడం ఆనవాయితీ.

చెరిపివేతను పద్ధతిగా చేసుకున్నవాళ్ళు వేరే దారిలో వెళ్ళారు. న్యూయార్క్ ఫిల్‌మోర్ ఈస్ట్‌లో 1968 నుంచి జాషువా లైట్ షో బృందం తెర వెనక ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్ల మీద గాజు గిన్నెలు పెట్టి, రంగునీళ్ళూ నూనే కలిపి, డ్రమ్ము దెబ్బకు తగ్గట్టు గిన్నెను కదిపేది. నీరూ నూనే కలవవు కాబట్టి బుడగలు కొట్టుకుంటూ తెరంతా పరుచుకునేవి. లాస్ ఏంజెలస్‌కు చెందిన నార్టన్ విజ్‌డమ్ వెనక వెలుగున్న అర్ధపారదర్శక పలక మీద నీటిరంగుతో వేస్తాడు. డ్రమ్మర్ స్టీఫెన్ పెర్కిన్స్ నడిపిన బాన్యన్ బృందంతో ఆయన చాలాసార్లు వేదిక పంచుకున్నాడు. సంగీతం మలుపు తిరిగితే తడిగుడ్డ పడుతుంది, మనిషి పక్షవుతాడు, పక్షి పడవవుతుంది. కచేరీ అయ్యేసరికి పలకమీద మిగిలేది ఆఖరి బొమ్మ మాత్రమే, అదీ తుడిచేస్తాడు. న్యూయార్కు జాజ్ సభల్లో జెఫ్ ష్లాంగర్ మాత్రం ముందు వరసలో కూర్చుని రెండు చేతులతోనూ వాద్యకారులను గీస్తాడు. అతను వేదిక మీద లేడు, వినేవాళ్ళలో ఒకడు.

పనిముట్లు, పద్ధతులు

తైలవర్ణం ఆరడానికి రోజులు పడుతుంది కాబట్టి వేదికకు అక్రిలిక్కే శరణ్యం. అది దీపాల వేడికి నిమిషాల్లో ఆరిపోతుంది. అదే మళ్ళీ ఇబ్బంది: రంగుల అంచులను ఒకదాన్లో ఒకటి కలపాలంటే నీళ్ళసీసా దగ్గర ఉండాలి. వేసేవాడి వీపు సభకు అడ్డమొస్తుంది గనక కొందరు పారదర్శక పలక వెనక నిలబడి ఎదురుగా వేస్తారు, కొందరు పైన కెమెరా పెట్టి తెరమీద చూపిస్తారు. కాన్వాసుకు మైకు తగిలించి, కుంచె రాపిడిని వాద్యంగా మార్చే ప్రయోగాలూ ఉన్నాయి. అప్పుడు బొమ్మ వేసేవాడు బృందంలో ఇంకో తాళవాద్యకారుడు.

ఈమధ్య పెళ్ళిళ్ళలో చిత్రకారుణ్ణి కూర్చోబెట్టి మండపాన్ని, వధూవరులను అక్కడికక్కడే వేయించుకునే మోజు పెరిగింది. నేపథ్యం ఇంటిదగ్గరే వేసుకొస్తారు, ముఖాలకు మెరుగు తరవాత ఫోటో చూసి పెడతారు. సన్నాయి మేళం వెనక మోగుతూనే ఉంటుంది, కుంచె దాని జోలికి పోదు. కచేరీల్లోనేమో కుంచె స్థానంలోకి టాబ్లెట్ వస్తోంది. తెరమీద గీసింది వాద్యకారుల వెనక గోడంత పెద్దదై పడుతుంది. పైగా టాబ్లెట్ గీతలను వేసిన వరసలోనే దాచుకుంటుంది. కచేరీ రికార్డును మళ్ళీ విన్నట్టే బొమ్మనూ మొదటి గీతనుంచి మళ్ళీ నడిపించుకోవచ్చు. చిత్రకారుడు ఏ స్వరం దగ్గర ఆగాడో, ఏ దెబ్బకు చెరిపాడో పక్కపక్కన పెట్టి పోల్చి చూడటం ఇప్పుడు కుదురుతోంది.